మొహం లేని సరంగు

పన్నెండూ ఇరవైకి చలపతి మేడమెట్లు ఎక్కాడు. ఎక్కుతూనే చేతిగడియారం చూసుకున్నాడు. సాయంత్రం ఐదింటికి ఈ మేడమీద బొమ్మల ప్రదర్శన మొదలవ్వాలి. ఈలోగా దొంగ ఎవరో తేలాలి. తేలకపోతే ముఖ్య అతిథి రానంటున్నాడు, బొమ్మలేసినవాడికి ఊళ్ళో దొంగ పేరు ఖాయమంటున్నారు.

కాకినాడలో పొద్దున్నే బస్సెక్కిన దగ్గర్నుంచీ అతనికి కాలు ఒకచోట నిలవడం లేదు. వేలిముద్రల శాఖలో పదేళ్ళు పనిచేసి, ఉద్యోగం మానేసి, సొంతంగా డిటెక్టివు బోర్డు కట్టుకున్నవాడు. ఎన్నో కేసులు చూశాడు. ఇల్లు దోచుకోవడం చూశాడు, మనుషుల్ని పొడవడం చూశాడు. గోడమీద బొమ్మలో ఒకే ఒక్క మనిషి మొహం కోసుకుపోవడం మాత్రం ఇదే మొదలు.

"నిన్నటినుంచి ఎవరూ ఏమీ ముట్టుకోలేదు కదండీ?"

"లేదండీ. మూడింటికి కొట్టు తెరిచి పైకొచ్చి చూశాను. చూసిన మరుక్షణం తాళం వేసేశాను. తాళంచెవి నా దగ్గరే ఉంది" అంది అతన్ని పిలిపించిన రాజరాజేశ్వరి.

ఆమెకి యాభై ఏళ్ళుంటాయి. వేదపండితుడి కూతురు. భర్త పోయాక అమలాపురం మెయిన్ రోడ్డులో దేవుడి పటాలకి ఫ్రేములు కట్టే కొట్టు పెట్టింది. ఆరేళ్ళ క్రితం, అంటే డెబ్భై ఏడులో, కొట్టు మీది హాలుకి సున్నం కొట్టించి, ఈ చుట్టుపక్కల చిత్రకారుల బొమ్మలు పెట్టి అమ్మడం మొదలెట్టింది. పటాలకి వచ్చినవాళ్ళు పైకెక్కి బొమ్మలు చూసి నవ్వుకుని దిగిపోయేవారు. ఆమె మాత్రం మానలేదు.

హాల్లో పద్దెనిమిది బొమ్మలున్నాయి. పదిహేడు బాగానే ఉన్నాయి. పద్దెనిమిదోది తూర్పు గోడకుంది. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. గోదావరిలో ఒక లాంచీ పక్కకి ఒరిగిపోతోంది. లోపల జనం ఒకరినొకరు పట్టుకుని ఉన్నారు. లాంచీ అడుగున చిల్లు, చిల్లులో కుక్కిన గోనెగుడ్డలు. ఒడ్డున గొడుగు వేసుకున్న పెద్దమనిషొకడు ఇంకా జనాన్ని ఎక్కమని చెయ్యి ఊపుతున్నాడు. చుక్కాని దగ్గర సరంగు నిలబడి ఉన్నాడు. అతనికి మొహం లేదు. మెడ దగ్గర్నుంచి నెత్తి దాకా గుండ్రంగా కన్నం, ఆ కన్నంలోంచి గోడసున్నం తెల్లగా కనబడుతోంది.

కథ కోనసీమలో తెలియనివాళ్ళు లేరు. డెబ్భై తొమ్మిది కార్తీకమాసంలో నేరేళ్ళలంక రేవులో లాంచీ మునిగి పంతొమ్మిదిమంది పోయారు. సరంగు సూరిబాబు తాగి నడిపాడని విచారణలో తేల్చారు. సూరిబాబు శవం దొరకలేదు, సముద్రంలోకి కొట్టుకుపోయిందన్నారు. రేవుని వేలంలో పాడుకున్న కాంట్రాక్టరు వీరవెంకటరమణకి మచ్చ అంటలేదు. చచ్చినవాడు నోరు విప్పడు కదా! నాలుగేళ్ళుగా పోయినవాళ్ళ బంధువులు అర్జీలు పెట్టగా పెట్టగా, వచ్చే నెలలో విచారణ మళ్ళీ తెరుస్తున్నారు.

చలపతి కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి వైపు తిరిగాడు. ముప్ఫై ఏళ్ళ నతానియేలు. ఓడలరేవు వైపువాడు. సినిమా బ్యానర్లు రాసి రాసి, చేతులు విసిగి, సొంత బొమ్మల్లోకి వచ్చినవాడు.

"ఈ బొమ్మని మీరు ఆఖరిసారి పూర్తిగా చూసింది ఎప్పుడు?"

"నిన్న పన్నెండూ యాభైకండి. ఆఖరి మేకు నేనే కొట్టేను. ఒంటిగంటకి అమ్మగారు కొట్టు కట్టేసేరు. నేను మెస్సుకెళ్ళి భోంచేసి, అటునుంచి ఆహ్వానాల కోసం ప్రెస్సుకెళ్ళేను."

"పేపర్లో పడాలని మీ బొమ్మ మీరే కోసుకున్నారని ఊళ్ళో అనుకుంటున్నారు."

"పేపర్లో పడాలంటే నిలువునా చింపేవాణ్ణండి. మొహం ఒక్కటీ ఎందుకు కోస్తాను? ఆ మొహం రావడానికి నాకు పదకొండు రోజులు పట్టింది" అన్నాడు నతానియేలు. గొంతులో కోపం కన్నా దిగులు ఎక్కువగా ఉంది.

"గోనెగుడ్డల సంగతి విచారణ కాగితాల్లో లేదు. మీకెవరు చెప్పారు?"

"ఈ బొమ్మ కోసం గోదారి వెంట చాలామంది పడవవాళ్ళ దగ్గర కూచున్నానండి. ఒకాయన చెప్పేడు. పేరు చెప్పొద్దన్నాడు. నేను చెప్పను."

"ఆయన్నే నిలబెట్టి ఈ సరంగుని గీశారా?"

నతానియేలు ఒక్క క్షణం తటపటాయించాడు. "ఆయ్" అన్నాడు.

చలపతి రాజరాజేశ్వరి వైపు చూశాడు. "వీరవెంకటరమణగారు బొమ్మ పెట్టొద్దన్నారట కదండీ?"

"బుధవారం పదకొండింటికి వచ్చేరు. అప్పటికింకా బొమ్మ తగిలించలేదు, కింద కొట్టులో గోడకి ఆనించి ఉంది. చాలాసేపు దానివంకే చూస్తూ నిలబడ్డారు. ఇది మీ హాల్లో ఉంటే నా హోటలుకి మీ బొమ్మలు తీసుకోనన్నారు. రామచంద్రపురంలో కొత్త హోటలు కట్టేరు కదండీ, గదిగదికీ బొమ్మలు మా దగ్గరే తీసుకుంటానన్నారు. ఆ ఒక్క ఆర్డరుతో నాతోపాటు నలుగురు చిత్రకారులు రెండేళ్ళు నిశ్చింతగా ఉంటారు." ఆమె నతానియేలు వైపు చూసింది. "ఇతన్ని అంతకుముందే అడిగాను, కనీసం ఆ గొడుగు మనిషిని తుడిచెయ్యవయ్యా అని. గోడ మీది, బొమ్మ నాది అన్నాడు. గోడకి సరిపోకపోతే మొత్తంగా పట్టుకుపోతానన్నాడు. ఇక నేనేం చెయ్యను? బొమ్మ తీసేది లేదని వీరవెంకటరమణగారి మొహానే చెప్పేశాను."

"చెప్పేరండి. నాకు తెలుసు" అన్నాడు నతానియేలు.

ఆ మాటకి ఆమె సంతోషించాల్సింది. సంతోషించలేదు. చూపు తిప్పేసుకుంది. చలపతి అది గమనించాడు గాని, అప్పుడు దాని వెంటపడే తీరిక లేకపోయింది. అతని కళ్ళు నేలమీదున్నాయి.

మేకులు కొట్టినప్పుడు గోడనుంచి రాలిన సున్నం పొడి పదిహేడు బొమ్మల కింద పదిహేడు చిన్న కుప్పలుగా పడి ఉంది. పద్దెనిమిదో బొమ్మ కింద లేదు. చలపతి మోకాళ్ళమీద కూచుని గచ్చుకి తల ఆనించి చూశాడు. పొడి లేదు, కోసినప్పుడు రాలాల్సిన రంగు పెచ్చులూ లేవు. గోడ వారగా మాత్రం సన్నటి గీతలు, ఈనెలు ఈడ్చినట్టుగా వంపు తిరిగి ఉన్నాయి.

"నిన్న ఈ హాలు ఎవరైనా ఊడ్చారా?"

"లేదండీ. ఈరోజు పొద్దున్న ఒకేసారి కడిగిద్దామనుకున్నాం. ఈలోగా ఇలా అయింది" అంది రాజరాజేశ్వరి.

"పెరటివైపు మెట్ల తలుపు?"

"దానికి గడియే గాని తాళం లేదు. పనిమనిషి పెద్దింట్లమ్మ నీళ్ళు మోసుకొస్తుంది కదా అని."

చలపతి లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "మీరిద్దరూ కాసేపు కింద కూచోండి. నాకు మంచినీళ్ళు కావాలి. ఆవిడ చేత పంపించండి."

వాళ్ళు దిగిపోయాక అతను హాలంతా రెండుసార్లు తిరిగాడు. కాంట్రాక్టరు మనిషే కోసి ఉంటే ముందు గొడుగు మనిషి పోవాలి. ఆ మనిషికి చిన్న గీత కూడా పడలేదు. కోసినవాళ్ళకి సరంగు ఒక్కడే కావాలి. పైగా కోసి, కింద ఊడ్చి మరీ వెళ్ళారు. పారిపోయే దొంగకి చీపురు పట్టే తీరికుండదు. రోజూ ఊడ్చే చెయ్యి మాత్రం చెత్త చూస్తే ఊరుకోలేదు. తనకి తెలియకుండానే చీపురు అందుకుంటుంది.

పెద్దింట్లమ్మ చెంబుతో వచ్చింది. నలభై ఏళ్ళుండవు గాని ఇంకా పెద్దదానిలా కనబడుతుంది. నుదుట బొట్టు లేదు. చెంబు కిందపెట్టి వెళ్ళబోయింది.

"నిన్న ఎన్నింటికి వచ్చావమ్మా?"

"రెండుంబావుకండి. నీళ్ళు పోసేసి ఎల్లిపోయేనండి."

"పైకి రాలేదా?"

"లేదండి బాబూ."

"మరి అక్కడెవరు ఊడ్చారు?" చలపతి బొమ్మ కిందికి చెయ్యి చూపించాడు. "మిగతా అన్నిచోట్లా సున్నం అలాగే ఉంది. అక్కడొక్కటే శుభ్రంగా ఉంది."

ఆమె అటు చూసింది. ఆ శుభ్రమైన గచ్చు కేసి చూస్తూ చూస్తూ, గోడకి ఆనుకుని జారి కూచుంది.

"నేను పోలీసుని కాదమ్మా" అన్నాడు చలపతి, తనూ ఎదురుగా కింద కూచుంటూ. "కోసింది నువ్వని నాకు తెలుసు. ఎందుకన్నదే తెలీదు. ఐదింటికి ఆ కుర్రవాడి మీద పడుతుంది నేరం."

"ఆ బాబు ఏం చెయ్యలేదండి. దేవుడిలాంటోడు." ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. "అది మా ఆయనండి."

చలపతికి అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. "సూరిబాబా? సూరిబాబు పోయి నాలుగేళ్ళయింది కదా! ఎవరో వేరే మనిషిని పెట్టి గీశాడు, నీకు అలా అనిపించిందేమో."

"కట్టుకున్న మనిషి మొహం నాకు తెలవదాండీ? పోలేదండి. పోయేడని ఊరంతా అంటే నేనూ బొట్టు తీసేసేను. ఏడాది తిరిగేక కబురెట్టేడండి. రాత్రంతా ఈది ఎక్కడో లంకలో తేలేడంట. ఊళ్ళోకొస్తే పోయినోళ్ళ తాలూకు జనం చంపేత్తారని దాక్కున్నాడు. ఆనక కాంట్రాక్టరుగారి మనుషులు ఎతుకుతున్నారని తెలిసింది. లాంచీకి చిల్లడిందని మా ఆయన మూడుసార్లు చెప్పేడండి. ఆ రోజు తియ్యనని చుక్కాని వదిలేసి దిగిపోయేడు కూడానండి. నువ్వు తియ్యకపోతే చేతకానోడితో తీయిత్తానన్నారంట కాంట్రాక్టరుగారు. అంతమంది ఎక్కేసేరు, వాళ్ళని చేతకానోడి చేతిలో ఎలా వదిలేదని మళ్ళీ ఎక్కేడండి."

ఆమె చెయ్యి రొంటికి పోయింది. చిన్న గుడ్డమూట తీసి, ముడివిప్పి నేలమీద పరిచింది. అరచేతి కన్నా కాస్త పెద్ద ముక్క. నెరిసిన గడ్డం, ఎడమ కనుబొమ మీద గాటు, ఎదురుగా వచ్చేదేదో ముందే తెలిసిన కళ్ళు. చలపతి దాన్ని ముట్టుకోలేదు.

"నిన్న నీళ్ళు పోద్దామని వచ్చి తలెత్తి చూసేనండి. చూసేసరికి గుండె ఆగిపోయింది. ఆ గడ్డం అప్పుడు లేదు. ఆ గాటు లాంచీలో తగిలింది. నేరేళ్ళలంకోళ్ళు ఎవరు చూసినా బతికే ఉన్నాడని తెలిసిపోద్ది. కింద ఫ్రేములు కోసే బ్లేడు తెచ్చి, స్టూలెక్కి కోసేసేనండి. పొయ్యిలో పెడదామనుకున్నాను. చెయ్యి రాలేదు బాబూ."

"ఇప్పుడెక్కడున్నాడు?"

ఆమె తల అడ్డంగా ఊపింది. చెప్పమని చలపతి బలవంతం చెయ్యలేదు.

"వచ్చే నెల విచారణ దాకా ఈ మాట నా నోట రాదు. ఆ రోజు నేనే దగ్గరుండి అతన్ని తీసుకెళ్ళి సాక్ష్యం చెప్పిస్తాను. అది నీ దగ్గరే దాచుకో" అన్నాడు చలపతి. అంటూండగానే ఒక సంగతి ముల్లులా గుచ్చుకుంది. ఆమె బొమ్మని చూసింది నిన్న, గురువారం. కాంట్రాక్టరు బుధవారమే చూశాడు. చాలాసేపు దానివంకే చూస్తూ నిలబడ్డాడు.

మెట్లమీద బూట్ల చప్పుడైంది. పెద్దింట్లమ్మ ముక్కని చప్పున రొంటిన దోపుకుని పెరటి తలుపువైపు జరిగింది.

వచ్చినవాడు శరభయ్య. రామచంద్రపురంలో సబ్ ఇన్‌స్పెక్టరుగా రిటైరై, అక్కడే ప్రైవేటు పరిశోధనలు చేసే పెద్దమనిషి. రెండేళ్ళ కిందట ఒక వీలునామా కేసులో చలపతి అతని వాదన తలకిందులు చేశాడు. ఆ మంట అతనికి ఇంకా చల్లారలేదు. వెనకే రాజరాజేశ్వరీ, నతానియేలూ వచ్చారు.

"ఏమయ్యా చలపతీ! కాకినాడలో కేసులు అయిపోయాయా?" అన్నాడు శరభయ్య, స్టూలు లాక్కుని కూచుంటూ. "శ్రమపడకు. దొంగ నీ ఎదురుగానే ఉన్నాడు. వీరవెంకటరమణగారి పేరు చెడగొట్టాలని ఈ కుర్రాడు ఆడిన నాటకం ఇది. నిన్న ఒంటిగంటా నలభై నుంచి రెండూ పది దాకా ఎక్కడున్నాడో అడిగావా?"

"ప్రెస్సులో కరెంటు పోతే అరుగుమీద కూచున్నానండి" అన్నాడు నతానియేలు.

"ఎవరు చూశారు?"

"ఎవరూ చూడలేదండి."

"చూశావా!"

"ఆ అరగంటలో ఇతను వచ్చాడనే అనుకుందాం" అన్నాడు చలపతి. "కాంట్రాక్టరుగారి పేరు చెడగొట్టాలంటే కాంట్రాక్టరుగారి మొహం కోసుకోవాలి గాని, సరంగు మొహం దేనికి? శరభయ్యగారూ, ఆ మొహాన్ని మీరు చూశారా అసలు?"

"చూడాల్సిన పనేముంది? బ్రహ్మరాత కాదు కదా! మే పన్నెండున ఏటిగట్టు మీద కూచుని, ఎవడో పడవవాణ్ణి పట్టుకుని గీసుకొచ్చిన మొహం. కావాలంటే మళ్ళీ గీసుకుంటాడు."

నతానియేలు గోడ దగ్గర్నుంచి ముందుకొచ్చాడు.

"పన్నెండో తారీకని మీకెవరు చెప్పేరండి?"

శరభయ్య స్టూలుమీద సర్దుకుని కూచున్నాడు.

"నేను ఎవరితోనూ అనలేదండి. ఆ తేదీ నా స్కెచ్ పుస్తకంలో బొమ్మ కింద రాసుకున్నాను. ఇంకెక్కడా లేదు." నతానియేలు గబగబా హాలు చివరికి నడిచాడు. అక్కడ గుడ్డ కప్పిన గాజుపెట్టె ఉంది. బొమ్మలతోపాటు అతని స్కెచ్ పుస్తకం కూడా జనం చూడాలని రాజరాజేశ్వరి దాన్ని ప్రత్యేకంగా చేయించింది. గుడ్డ లాగాడు. లోపల పుస్తకం లేదు.

ఎవరూ అడక్కముందే రాజరాజేశ్వరి చెప్పింది. "నేనే ఇచ్చాను."

"ఎవరికండి?"

"వీరవెంకటరమణగారికి. బుధవారం. బొమ్మ తియ్యనన్నాక ఆయన లేచి వెళ్ళిపోబోయారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నేనెవరితో చెప్పుకోనూ? గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, పోనీ ఆ పుస్తకం ఇవ్వండి, హోటల్లో అద్దాల్లో పెట్టుకుంటాను, ఆర్డరు అలాగే ఉంచుతానన్నారు. గోడమీది బొమ్మ నిలబడింది కదా, పెన్సిలు గీతలే కదా పోతే పోయాయి అనుకున్నాను. ఇవాళ సాయంత్రం నీకు చెబుదామనుకున్నాను, నతానియేలూ."

"నన్నడగాల్సిందండి."

"అడిగితే వద్దనేవాడివి."

"ఆయ్. వద్దనేవాణ్ణి." అతను చేతిలో గుడ్డని కింద పడేశాడు. "పెన్సిలు గీతలు కాదండి అవి. నన్ను నమ్మి కూచున్నవాళ్ళు. నిన్నటిదాకా మీకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనుకున్నాను, అంత పెద్దమనిషికి ఎదురు నిలబడ్డారని. నా బొమ్మ కోసం నా మనిషిని ఇచ్చేశారా?"

ఆమె ఖాళీ గాజుపెట్టె మీద రెండు చేతులూ ఆనించి తల వంచుకుంది.

చలపతి శరభయ్య ముందుకొచ్చి నిలబడ్డాడు. "కాంట్రాక్టరుగారు మిమ్మల్ని ఎప్పుడు పిలిపించారు?"

"అది నీకెందుకు?"

"మొహం కోసింది గురువారం. గురువారం తర్వాత పిలిస్తే మీరు దొంగని పట్టుకోవడానికి వచ్చారు. అంతకుముందే పిలిస్తే దేనికోసం వచ్చారు?"

శరభయ్య మొండివాడు గాని అబద్ధాలకోరు కాదు. "బుధవారం సాయంత్రం పిలిచాడు" అన్నాడు. "మనిషిని వెతకమన్నాడు. విచారణలో తన తరఫున సాక్ష్యం చెప్పాల్సిన వాడొకడు కనబడకుండా పోయాడు, ఇదిగో మొహం, ఎక్కడున్నాడో కనిపెట్టమన్నాడు. పుస్తకంలో ఆ బొమ్మ కింద పేరు లేదు, ఊరు లేదు. తేదీ ఒక్కటే. ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఊరికే పోలేదయ్యా! మనిషి వెనకాల ఇతను రెండు గీతలు గీశాడు. వంతెన స్తంభాలు. అడుగున ఇసుక పడవలు. హైవే వంతెన తప్ప అంత లావు స్తంభాలు ఈ చుట్టుపక్కల లేవు. నిన్న పొద్దున్నే వెళ్ళాను. మధ్యాహ్నానికల్లా దొరికాడు."

"ఎక్కడ?"

"జొన్నాడలో. పేతురని చెప్పుకుంటున్నాడు. ఇసుక పడవ నడుపుతున్నాడు."

పెరటి తలుపు దగ్గర కేక వినబడింది. అందరూ అటు తిరిగారు. పెద్దింట్లమ్మ నిలబడి ఉంది. ఇందాకటి భయం లేదు ఆమె మొహంలో. అంతకన్నా పెద్దదేదో ఉంది.

"ఆయన పేతురు కాదండి. మా ఆయన సూరిబాబండి. కాంట్రాక్టరుగారికి చెప్పేసేరా? చెప్పేసేరా బాబుగారూ?"

సూరిబాబు పేరు వినగానే శరభయ్య స్టూలుమీంచి లేచాడు. లేచి, ఏం చెయ్యాలో తోచక మళ్ళీ కూచున్నాడు. ఆ రేవులో ఏం జరిగిందో, ఎవరి నెత్తిన పడిందో అతనికీ తెలుసు. సూరిబాబు బతికుంటే ఎవరికి నిద్ర పట్టదో ఎవరూ చెప్పక్కర్లేదు.

"నాతో సాక్షి అన్నాడయ్యా" అన్నాడు చలపతితో. అరగంటలో పదేళ్ళు పైబడ్డట్టున్నాడు. "మన మనిషే, భయపడి దాక్కున్నాడన్నాడు. పొద్దున్న తొమ్మిదింటికి చెప్పేశాను. పదిన్నరకి కారు బయల్దేరడం నా కళ్ళతో చూశాను."

చలపతి గడియారం చూశాడు. ఒంటిగంటా ఇరవై.

"అక్కడ ఫోను ఎక్కడుంది?"

"వంతెన పక్కన పెట్రోలు బంకులో. నిన్న అక్కణ్ణించే మా ఇంటికి మాట్లాడాను. నంబరు నా దగ్గరుంది."

ఐదుగురూ మెట్లు దిగి కింద కొట్టులోకి పరుగెత్తారు. నంబరు అడిగి, చలపతి అన్నిటికన్నా ముందు కలిపే లైట్నింగ్ కాల్ బుక్ చేశాడు. ఎక్స్ఛేంజీవాళ్ళు ఉండమన్నారు. ఈలోగా ఆ ప్రాంతపు పోలీసు స్టేషనుకి ఇంకో కాల్ రాయించాడు. ఫ్రేములు కట్టని దేవుడి పటాల మధ్య నిలబడి, ఫోను కేసి చూస్తూ, కాలు మార్చి కాలు మీద నిలబడ్డాడు. నిమిషం. మూడు నిమిషాలు. ఐదు.

రాజరాజేశ్వరి గల్లాపెట్టె సొరుగు తెరిచి తాళాలు తీసింది. "పటాలు చేరవేసే వ్యాను పెరట్లో ఉంది. నతానియేలుకి నడపడం వచ్చు."

"ఐదింటి ప్రదర్శన?" అన్నాడు శరభయ్య.

"తలుపులు తెరిచే ఉంటాయి. ఆ బొమ్మ కన్నంతోటే గోడమీద ఉంటుంది. వచ్చినవాళ్ళు ఎందుకని అడిగితే నేనే నిలబడి చెబుతాను. పుస్తకం ఎవరికిచ్చానో కూడా చెబుతాను." ఆమె తాళాలు నతానియేలు చేతిలో పెట్టింది. అతను ఆమె మొహంలోకి చూడలేదు. అయినా తీసుకున్నాడు. పెరట్లోకి వెళ్ళి వ్యాను స్టార్టు చేసిన చప్పుడు వినబడింది.

ఒంటిగంటా ముప్ఫై నాలుగుకి ఫోను మోగింది.

"ఆయ్, పెట్రోలు బంకండి!" అవతల ఎవరో గట్టిగా అరుస్తున్నాడు. వెనకాల లారీల రొద.

"ఇసుక పడవ నడిపే పేతురు తెలుసా మీకు?"

"ఎందుకు తెలవదండి? నిన్న కూడా ఒక పెద్దాయన అడిగేరు. ఇవాళ కారులో ముగ్గురొచ్చేరండి. పన్నెండు దాటేక. లంక చూసొత్తామని పేతురు పడవే కట్టించుకున్నారు."

"పేతురు వెళ్ళాడా వాళ్ళతో?"

"ఎల్లకేం చేత్తాడండి? పడవ ఆడిదే కదా. ముందు రానన్నాడండి. ఆ కారాయన భుజమ్మీద చెయ్యేసి ఏదో చెప్పేరు. ఎక్కేడు."

"ఇంకా తిరిగి రాలేదా?"

"ఉండండి, వంతెన మీంచి చూసొత్తాను."

రిసీవరు బల్లమీద పెట్టిన చప్పుడు. లారీలు పోతున్నాయి. పెద్దింట్లమ్మ చలపతి పక్కకి వచ్చి, ఫోనుకి చెవి ఆనించినంత దగ్గరగా నిలబడింది. అతను ఆమెని జరగమనలేకపోయాడు.

పరుగెత్తుకొచ్చిన అడుగుల చప్పుడు.

"వచ్చేత్తన్నారండి! పడవ నడిగోదాట్లో ఉంది. ఇంకో పావుగంటలో ఒడ్డుకొచ్చేత్తారు."

ఆ అరుపు ఆమెకీ వినబడింది. "వచ్చేత్తన్నాడంటండీ?" అంటూ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. గుమ్మం దగ్గర శరభయ్య గట్టిగా ఊపిరి వదిలాడు.

చలపతి రిసీవరుని చెవికి గట్టిగా నొక్కుకున్నాడు, బయటికి మాట పోకుండా.

"పడవలో ఎంతమందున్నారు?"

"ముగ్గురండి."

"వెళ్ళేటప్పుడు?"

లారీ ఒకటి హారను కొట్టుకుంటూ వంతెన ఎక్కింది.

"నలుగురెల్లేరండి" అన్నాడు ఆ మనిషి. ఈసారి అరవలేదు. "తెడ్డు ఆ కారాయన చేతిలో ఉందండి."